సాయవ్వ పారబోయమన్న పాలు

అనగా అనగా, ఊరికీ ఊరికీ మధ్య, ఒక వాగు ఒడ్డున, ఒక గొర్రెల మంద దిగింది.

ఊరి పేరు అడక్కు చిట్టీ. ఈ కథలో వాళ్ళకి ఏడాదిలో సగం రోజులు ఊరే ఉండదు. గడ్డి ఎక్కడుంటే గొర్రెలు అక్కడ, గొర్రెలు ఎక్కడుంటే మనుషులు అక్కడ. కాళ్ళు ముడుచుకో. దుప్పటి మెడదాకా లాక్కో. ఊ కొడుతూ ఉండాలి మరి, మధ్యలో ఆపేశావంటే నేనూ ఆపేస్తాను.

ఆ మందకి పెద్దదిక్కు సాయవ్వ. ముసలిదే గానీ నడుం వంగలేదు. మొగుడు పోయాక మందని తనే నిలబెట్టింది. ఈనే గొర్రె పక్కన సాయవ్వ కూర్చుందంటే, పిల్ల నేలమీద పడి, లేచి నిలబడాల్సిందే. వేరే మందల వాళ్ళు కూడా కష్టమైన ఈత వస్తే ఆమె కోసమే పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

సాయవ్వకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఊళ్ళో ఉండి ఇల్లూ చేనూ చూసుకునేవాడు. చిన్నవాడు బీరయ్య మంద వెంట తిరిగేవాడు. బీరయ్య పెళ్ళాం ఈదమ్మ. ఈదమ్మ చూలాలు. అందుకని వంటకీ సాయానికీ పెద్దకోడలు నీలవ్వ కూడా ఆ ఏడు మందతో వచ్చింది.

నీలవ్వ మాట తక్కువ మనిషి. ఇద్దరు పిల్లల్ని కన్నది. ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. ఒకడు విరేచనాలు పట్టుకుని పోయాడు. ఒకతి దగ్గు పట్టుకుని పోయింది. అప్పట్నించీ నీలవ్వ ఎవరింట్లోనూ ఉయ్యాల దగ్గరికి వెళ్ళేది కాదు.

ఈదమ్మ సంగతి వేరు. నడుస్తూ నడుస్తూనే గట్ల మీద ఆకు గిల్లి కొంగులో వేసుకునేది. గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, ఎక్కడైనా మునగచెట్టు కనిపిస్తే రెండు రెబ్బలు. దారిలో ఉసిరిచెట్టు తగిలితే చాలు, ఒడి నింపుకునేది. పొద్దుగూకేసరికి ఆ ఆకంతా ఉడికించి, జొన్నరవ్వతో కాచిన గటకలో కలుపుకుని, గిన్నె నాకినట్టు తినేది. గొర్రెల్ని ముట్టుకున్న చేత్తో ముద్ద ముట్టేది కాదు. బూడిదతో రుద్ది, నీళ్ళు పోసి కడుక్కోవాల్సిందే. చీకటి పడగానే గొంగడి కప్పుకుని పడుకునేది.

సాయవ్వ నవ్వేది. "నేను కోడల్ని తెచ్చుకున్ననా, మేకను తెచ్చుకున్ననా?" అనేది.

"మా అమ్మ గిట్లనే నేర్పింది అత్తా," అనేది ఈదమ్మ. అని ఇంకో ఆకు నోట్లో వేసుకునేది.

వాగుకి అవతల, రెండు మజిలీల దూరంలో వాళ్ళ ఊరు. కాన్పు వేళకి ఈదమ్మని ఊరు చేర్చాలని వాళ్ళ ఆలోచన. వాగులో నీళ్ళు లేవు. ఇసకలో చెలమ తవ్వుకుని, అందులో ఊరిన తేటనీళ్ళు తాగుతున్నారు. తొందరేముంది, ఇంకా రోజులున్నాయి కదా అనుకున్నారు.

అప్పుడు ముసురు పట్టింది.

చలికాలం ముసురు చిట్టీ అది. ఎముకల్లోకి దిగే చలి. ఆగదు, వెలవదు. గొంగళ్ళు తడిసి బరువెక్కాయి. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చి నిలబడ్డాయి.

ఒకరోజు పొద్దున్నే మూడు ఆపదలు ఒక్కసారే వచ్చాయి.

మొదట వాగు వచ్చింది. ఎక్కడో పైన కురిసిన వాన, ఎర్రటి నీళ్ళు, చెట్ల మొదళ్ళు దొర్లించుకుంటూ వచ్చింది. వాళ్ళు తవ్వుకున్న చెలమ మునిగిపోయింది. ఊరి దారి మూసుకుపోయింది.

ఆ తర్వాత గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి. చలికి బెదిరి, ఒకదాని వెనక ఒకటి.

ఆ తర్వాత ఈదమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే నడుం పట్టుకుని, "అక్కా," అంది నీలవ్వతో. "అక్కా, నొప్పులు."

బీరయ్య మంత్రసానిని తీసుకొస్తానని వాగులోకి దిగాడు. మోకాలి దాకా వెళ్ళాడు. నడుం దాకా వెళ్ళాడు. ఛాతీ దాకా వెళ్ళేసరికి ఒక దుంగ కొట్టుకొచ్చి భుజానికి తగిలింది. మనిషి మునిగాడు. లేచాడు. చేతికి దొరికిన తుమ్మకొమ్మ పట్టుకుని, ఒళ్ళంతా ముళ్ళు గీరుకుని, ఇవతలి ఒడ్డునే పడ్డాడు.

"ఎవ్వరూ రారు," అంది సాయవ్వ. "నేనే చేస్త కాన్పు. నీలవ్వా, నీళ్ళు కాగబెట్టు."

నాలుగు గుంజలు పాతి, పైన పట్టా కప్పిన గుడిసె వాళ్ళది. అందులో గడ్డి పరిచి ఈదమ్మని పడుకోబెట్టారు. బయట వాన. లోపల ఈదమ్మ అరుపులు. మధ్యాహ్నం దాటింది. పట్టా మీద చినుకుల మోత తప్ప ఇంకేమీ వినపడని ఒక ఘడియ వచ్చింది. అప్పుడు సాయవ్వ చేతుల్లోకి పిల్ల వచ్చింది.

ఆడపిల్ల. ఎంత ఉందనుకున్నావు? నా రెండు అరచేతులూ కలిపితే ఎంతో అంత. నెలలు నిండకుండానే వచ్చింది కదా. ఏడిచింది గానీ, అది ఏడుపులా లేదు. పిల్లి మూలిగినట్టుంది.

సాయవ్వ కత్తిని మంటలో కాల్చి బొడ్డు కోసింది. పిల్లని గుడ్డతో తుడిచింది. అంతా సరిగ్గానే చేసింది. ఆ తర్వాత అంది, "నీలవ్వా, ఆముదం తీసి బెల్లం నీళ్ళల్ల కలుపు. రెండు చుక్కలు పిల్ల నోట్లె పోద్దాం. మూడు పొద్దులు తల్లి పాలు ఇయ్యద్దు. ముందొచ్చే పచ్చపాలు చెడ్డవి. పిండి పారబొయ్యాలె."

ఈదమ్మకి కళ్ళు తెరిచే ఓపిక లేదు. "ఊ" అంది.

నీలవ్వ గిన్నెలో ఆముదం కలిపింది. బెల్లం కరిగించింది. కాగిన నీళ్ళు కాన్పుకే అయిపోయాయి. ఆ బెల్లం కరిగించింది ఎర్రటి వాగు నీళ్ళల్లోనే.

ఆమె గిన్నె పట్టుకుని పిల్ల పక్కన కూర్చుంది. సరిగ్గా అప్పుడే బయటినుంచి బీరయ్య కేకేశాడు. "అవ్వా! గొర్రెలు ఈనుతున్నయి! తొందర రా!"

సాయవ్వ చీర ఎగదోపి వానలోకి పరిగెత్తింది.

గుడిసెకి తలుపు లేదు. ఒకవైపు పట్టా పైకి కట్టి ఉంది. పడుకున్న చోటినుంచే ఈదమ్మకి మంద కనిపిస్తోంది. ఇప్పుడు విను, ఊ కొట్టు.

మొదటి గొర్రె ఈనింది. పిల్ల తూలుతూ లేచింది. సాయవ్వ తల్లి పొదుగు తుడిచి, చన్ను నొక్కి, మూసుకున్న కన్నం తెరిపించింది. చిక్కగా, పసుపు రంగులో పాలు వచ్చాయి. అవే ముర్రుపాలు. ఈనగానే వచ్చే మొదటి పాలు. పిల్ల నోరు అక్కడ పెట్టింది. పిల్ల తాగింది. తోక ఆడించింది.

రెండో గొర్రెకి అది మొదటి ఈత. దానికి భయం. పిల్లని దగ్గరికి రానివ్వకుండా కాళ్ళతో తన్నింది. "పట్టుకోరా బీరయ్యా, మెడ పట్టుకో," అంది సాయవ్వ. బీరయ్య మెడ పట్టుకున్నాడు. సాయవ్వ ఒక మోకాలు బురదలో ఆనించి, తన్నులు తింటూనే పిల్లని పొదుగు కిందికి తోసింది. "ముర్రు పడనీ దీని కడుపుల. పడ్డదాంక ఇడువకు," అంది.

మూడో గొర్రె పిల్లని వేసి, తల వాల్చి, చచ్చిపోయింది.

ఆ పిల్ల బురదలో పడి వణుకుతోంది. "ఇది పోయిందే అవ్వా," అన్నాడు బీరయ్య. "పక్కన పెట్టు."

"నోరు మూయ్," అంది సాయవ్వ. మొదటి గొర్రె దగ్గరికి వెళ్ళి దాని ముర్రు ఒక చిప్పలోకి పిండుకుంది. పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. గుడ్డపేలిక ముర్రులో ముంచి, దాని నోట్లో చుక్క చుక్కగా పిండింది. "తల్లి ఇన్ని దినాలు తిన్న తిండి, తట్టుకున్న రోగాలు, అన్నిటి బలం ఈ ముర్రులనే ఉంటది. ఇది పడితే పిల్ల చలికి ఆగుతది, పారుడు రోగానికి ఆగుతది. పడకపోతే మళ్ళ ఎన్ని పాలు పోసినా నిలువదు," అంది.

గుడిసెలో ఈదమ్మ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి.

ఆమె నీలవ్వ వైపు చూసింది. నీలవ్వ కూడా విన్నది. చేతిలో గిన్నె అలాగే ఉంది. పిల్ల నోట్లో ఇంకా చుక్క పడలేదు.

అప్పుడు సాయవ్వ లోపలికి వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "పోసినవా?" అని అడిగింది.

నీలవ్వ గిన్నె తన వైపు లాక్కుంది.

"అత్తా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు," అంది ఈదమ్మ. గొంతులో బలం లేదు. "తల్లి సచ్చిన పిల్లకు గూడ ముర్రు తెచ్చి పోస్తివి. పడకపోతే నిలువదంటివి. నా పిల్లకు తల్లి బతికే ఉన్నది. మరి నా ముర్రు ఎందుకు పారబొయ్యాలె?"

"గొర్రె గొర్రెనే, మనిషి మనిషే," అంది సాయవ్వ. "గా పాలు చూడు, చీము లెక్క పచ్చగ. పసిపిల్ల కడుపుల అరుగుతయా? మా అత్త పారబోసింది. నేను పారబోసిన. మాకంటే పెద్దగ తెలుసా నీకు?"

"గొర్రె ముర్రు గూడ పచ్చగనే ఉన్నది గద అత్తా."

సాయవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. మాట రానప్పుడు పెద్దవాళ్ళకి కోపం వస్తుంది చిట్టీ, ఏం చేస్తాం. సాయవ్వ ముఖం ఎర్రబడింది. "గిన్నె ఇటు తే," అని నీలవ్వ చేతిలోది లాక్కోబోయింది.

నీలవ్వ లేచి నిలబడింది. గిన్నెలో ఉన్నదంతా బయట వానలోకి విసిరి కొట్టింది.

"నా ఇద్దరికీ ఇదే పోసినం అత్తా," అంది.

అంతే.  ఎన్నేళ్ళుగానో ఆమె నోట్లోంచి ఆ పిల్లల మాట రాలేదు.

సాయవ్వ పెద్దకోడలి ముఖంలోకి చూసింది. చిన్నకోడలి ముఖంలోకి చూసింది. "ఈ పిల్లకు ఏమన్న అయితే నన్ను అడగద్దు," అంది. గొంగడి కూడా తీసుకోకుండా వెళ్ళి, గొర్రెల మధ్య, వానలో కూర్చుంది.

ఇప్పుడు గుడిసెలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పసికందు. పిల్ల కాళ్ళు చల్లగా ఉన్నాయి. పెదాలు నీలంగా మారుతున్నాయి.

ఈదమ్మ పిల్లని రొమ్ముకి ఆనించింది. పిల్ల నోరే తెరవలేదు.

మళ్ళీ ఆనించింది. నోరు తెరిచింది గానీ పట్టలేకపోయింది. జారిపోయి, అలిసిపోయి, కళ్ళు మూసుకుంది. మూలుగు కూడా ఆగిపోయింది.

"అక్కా, పిల్ల ఏడుస్తలేదు," అంది ఈదమ్మ. "అక్కా, ఏడుస్తలేదు!"

నీలవ్వ ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఉయ్యాల దగ్గరికే వెళ్ళని మనిషి కదా. కానీ వెళ్ళింది. ముందు చేతులు బూడిదతో రుద్ది కడుక్కుంది. పిల్లకి చుట్టిన తడిగుడ్డ తీసేసింది. పొడిగుడ్డతో ఒళ్ళంతా మెల్లగా రుద్దింది, వీపు, కాళ్ళు, చిన్ని చిన్ని అరికాళ్ళు. పిల్లని బట్టలేమీ లేకుండా తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టింది. ఒంటికి ఒళ్ళు తగిలేలాగ. పైన తను కప్పుకున్న గొంగడి, ఒక్కటే పొడిగా ఉన్న గొంగడి, ఇద్దరికీ కలిపి కప్పింది.

అలా ఉన్నారు. పట్టా మీద వాన చప్పుడు. ఈదమ్మ ఊపిరి తీస్తుంటే పిల్ల పైకీ కిందకీ కదులుతోంది. అది పిల్ల ఊపిరో, తల్లి ఊపిరో తెలియడం లేదు.

మెల్లగా అరికాళ్ళు వెచ్చబడ్డాయి. పెదాలు కదిలాయి.

అప్పుడు ఈదమ్మ వేళ్ళతో నొక్కి, చిక్కటి పచ్చటి చుక్క ఒకటి పిల్ల పెదాల మీద పడనిచ్చింది. పిల్ల నాలుక బయటికి వచ్చింది. నాకింది. ఇంకో చుక్క. నాకింది. ఇంకోటి వేసేలోపే మూతి అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది, గబుక్కున పట్టింది.

పట్టింది చిట్టీ! లేవకు లేవకు, పడుకో. అప్పుడే అయిపోలేదు.

బయట గొర్రెల మధ్య కూర్చున్న సాయవ్వ గుడిసెకి వీపు పెట్టి కూర్చుంది. కానీ చెవులు ఇటే ఉన్నాయి. ఏడుపు ఆగినప్పుడు ఆమె లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. లోపల నీలవ్వ, "తాగుతున్నది, తాగుతున్నది" అనడం విన్నది. మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత రోజులు ఇంకా చెడ్డవి.

చెలమ పోయింది కదా, తాగడానికి వాగు నీళ్ళే దిక్కు. నీలవ్వ గుడ్డలో వడకట్టి, కళపెళా తెర్లేదాకా కాచి గానీ ఎవరికీ ఇవ్వనంది. ఎండుపుల్లలు కొన్నే ఉన్నాయి. వాటిని చలిమంటకి దాచాలంది సాయవ్వ. నీళ్ళకే కావాలంది నీలవ్వ. మాట తక్కువ మనిషి, అయినా వెనక్కి తగ్గలేదు. పుల్లలు అయిపోవస్తే దొడ్డి గుంజలు రెండు పీకి పొయ్యిలో పెట్టింది.

బీరయ్యకి ఆగే ఓపిక లేదు. దాహమేసి వాగులో వంగి దోసిలితో తాగేశాడు. మర్నాటికి వాంతులు, విరేచనాలు. మనిషి గోడకి ఆనించిన కర్రలా అయిపోయాడు. నీలవ్వ పలచగా గంజి కాచి, ఉప్పు వేసి, గుక్క గుక్కగా తాగించింది. పిల్లని ఒక్కసారి చూస్తానని అతను దేకుతూ వచ్చాడు. "అక్కడే ఆగు," అంది నీలవ్వ. "నీకు తగ్గి, ఒళ్ళు కడుక్కున్నంకనే." సొంత పిల్లని దూరంనుంచి చూసి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి దేక్కుంటూ వెళ్ళాడు.

ఆ తర్వాత సాయవ్వకి జ్వరం వచ్చింది. వానలో కూర్చున్న జ్వరం, దగ్గుతో వచ్చింది. గుడిసెకి ఆ చివర ఒంటరిగా పడుకుంది. పడుకునే, "బాలింతకు నీళ్ళియ్యకు. వట్టి అన్నం పెట్టు, కూర పెట్టకు," అని గొణిగింది.

కానీ పాలిచ్చే తల్లికి దాహం ఎలా ఉంటుందో నీలవ్వకి తెలుసు. కాచి చల్లార్చిన నీళ్ళు ఈదమ్మకి అడిగినన్ని ఇచ్చింది. వాన కాస్త తెరపి ఇచ్చినప్పుడు గట్టుకి వెళ్ళి గంగవాయిలి కోసుకొచ్చింది. దాన్ని ముమ్మారు కడిగింది. వెల్లుల్లి దంచి వేసింది. ఉలవలు ఉడికించి చారు కాచింది. వేడి వేడి గటకలో పోసి ఈదమ్మ చేతికి ఇచ్చింది. "తిను. నువ్వు తిన్నదే పిల్లకు పోతది," అంది. పిల్ల పడుకున్నప్పుడల్లా ఈదమ్మని కూడా పడుకోమంది. తను మాత్రం కూర్చునే కునికేది.

అందరికీ భయం ఒక్కటే. ఇటు విరేచనాలు, అటు జ్వరం దగ్గు. మధ్యలో అరచేతులంత పిల్ల. ఎటునుంచి వచ్చి పట్టుకుంటుందో తెలియదు.

మందలో ఇంకో సంగతి జరిగింది. ముసురులో ఒక గొర్రె పొదల వెనక ఈని, పిల్లని అక్కడే వదిలి వచ్చేసింది. బీరయ్య మంచాన పడ్డాడు, సాయవ్వ జ్వరంలో ఉంది. ఆ పిల్లని ఎవరూ చూడలేదు. మర్నాడు నీలవ్వకి దొరికింది. తెచ్చి పాలు తాగించింది. తాగింది కూడా. కానీ దానికి మొదటిరోజు ముర్రు పడలేదు. రెండు రోజులు విరేచనాలు పారి పారి, సాయవ్వ పక్క దగ్గరే తల వాల్చేసింది. చచ్చిన తల్లి పిల్ల, చుక్క చుక్కగా ముర్రు తాగిన ఆ అనాథపిల్ల మాత్రం అదే చలిలో, అదే బురదలో చెంగుమంటూ ఎగురుతోంది.

సాయవ్వ చచ్చిన పిల్ల మీద చెయ్యి వేసి చాలాసేపు పడుకుంది. జ్వరంతో ఉన్న కళ్ళు ఎగురుతున్న ఆ అనాథపిల్లనే చూస్తున్నాయి.

ఆ సాయంత్రం ఈదమ్మ పిల్ల లేవలేదు.

పొద్దున పాలు తాగి పడుకున్న పిల్ల. మధ్యాహ్నం లేపితే కొంచెం తాగి మళ్ళీ పడుకుంది. సాయంత్రం అయినా కదలడం లేదు. ఈదమ్మ బుగ్గ తట్టింది. పేరు పెట్టలేదు కదా, "ఓ పిల్లా, ఓ బంగారూ," అని పిలిచింది. అరికాలు గిల్లింది. పిల్ల ముఖం చిట్లించింది, అంతే. నీలవ్వ అక్కడే కూలబడింది. "మళ్ళనా," అంది. "మళ్ళనా దేవుడా."

అప్పుడు గుడిసె ఆ చివరి నుంచి సాయవ్వ లేచింది.

లేవలేకపోయింది, అయినా లేచింది. "ముందు నీళ్ళు పొయ్యి నా చేతుల మీద," అంది. నీలవ్వ పోసింది. సాయవ్వ బూడిదతో మోచేతుల దాకా రుద్దుకుంది. మూతికీ ముక్కుకీ కొంగు అడ్డం కట్టుకుంది. వచ్చి కూర్చుని పిల్ల గుడ్డ విప్పింది.

ఎన్ని వందల గొర్రెపిల్లల్ని చూసిన చెయ్యో అది. ఆ చెయ్యి పిల్ల కడుపు మీద పెట్టింది. వేళ్ళతో మెత్తగా నొక్కింది. అరికాళ్ళు తడిమింది. చంకలో వేలు పెట్టి వేడి చూసింది. పిల్ల పొట్ట ఎలా ఎగురుతోందో వంగి చూసింది.



సాయవ్వ అలా వంగి ఉండగానే, పిల్ల జుయ్యిమని ఆమె ముఖం మీద ఉచ్చ పోసింది.

నవ్వుతావేం? నిజమే. కొంగు మీద, కళ్ళ మీద, జుట్టు మీద! సాయవ్వ తుడుచుకోలేదు.

"కడుపు నిండుగ ఉన్నది," అంది. "ఒళ్ళు కాలుతలేదు, చల్లగయితలేదు. ఊపిరి మంచిగున్నది. పాలు పడి పండుకున్నది పిల్ల. లేస్తది."

అప్పుడు పిల్ల కళ్ళు తెరిచి, గుడిసె ఎగిరిపోయేలా ఏడిచింది. పుట్టినప్పుడు ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడిచింది. అవతల పడుకున్న బీరయ్య, "ఏమైంది? ఏమైంది?" అని అరిచాడు.

సాయవ్వ పెద్దకోడలి వైపు తిరిగింది. "నీలవ్వా," అంది. "నీ ఇద్దరు పిల్లలు..."



నీలవ్వ పిల్లని అందుకుని ఈదమ్మ ఒళ్ళో పెట్టింది. "అవి ముర్రు పడకనే పోయినయో, ఇంకెందుకు పోయినయో ఎవరికెరుక అత్తా," అంది. "నువ్వు కావాలని చేసినవా? పోయి పండుకో. జ్వరం తగ్గలే నీకు." అని లేచి, ఉలవచారు గిన్నె తెచ్చి, అత్త చేతిలో పెట్టింది. సాయవ్వ తాగింది. తాగుతూ ఏడిచింది.

ఆ తర్వాత వాన వెలిసింది. వాగు తగ్గింది. బీరయ్య లేచి నిలబడ్డాడు. పిల్లని ఎత్తుకుని, అందరూ వాగు దాటి, ముందుగా ఊరికి కాదు, దారిలో ఉన్న సర్కారు దవాఖానకి వెళ్ళారు. నర్సమ్మ పిల్లని తక్కెట్లో వేసి చూసింది. సాయవ్వని కూర్చోబెట్టి దగ్గుకి మందిచ్చింది. పిల్లకి టీకా వెయ్యాలంది.

"ముర్రు తాగిన పిల్ల గద, సూది ఎందుకమ్మా?" అని అడిగింది సాయవ్వ.

"ముర్రు మంచిగ తాపిండ్రు, పిల్లకు బలమొచ్చింది," అంది నర్సమ్మ. "కానీ కొన్ని రోగాలు పాలకు ఆగవు పెద్దమ్మా. వాటికి సూది వెయ్యాలె. రెండూ కావాలె."

సాయవ్వ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. "అయితే ఎయ్యి," అని పిల్ల తొడ తనే పట్టుకుంది.

పిల్ల పెరిగింది. ఆకుకూరలు తిని, ఉసిరికాయలు కొరికి, ఎండలో మంద వెంట గెంతి, పొద్దుగూకగానే పడుకుని పెరిగింది. జలుబులు రాలేదని కాదు, వచ్చాయి. వచ్చినవి పోయాయి.

ఇంకో రెండు చలికాలాలు గడిచాక, నీలవ్వకి కాన్పు వచ్చింది. ఈసారి ఊళ్ళోనే, ఇంట్లోనే, మంత్రసాని కూడా ఉంది. మగపిల్లాడు పుట్టాడు. వాడకట్టు ముసలమ్మలంతా వచ్చారు. ఒకామె ఆముదం గిన్నె తెచ్చింది. ఒకామె బెల్లం నీళ్ళు తెచ్చింది. ఒకామె, "మూడు పొద్దులు పాలియ్యద్దు," అంటూ గడప దాటబోయింది.

గడపకి అడ్డంగా సాయవ్వ కూర్చుని ఉంది. రెండు చేతులూ చెరో ద్వారబంధానికి ఆనించి.

"ఏందే సాయవ్వా, తొవ్వ ఇయ్యి," అన్నారు వాళ్ళు. "నువ్వు చెయ్యలేదా గట్ల? మాకు నేర్పింది నువ్వే గద!"

"అవును, నేనే నేర్పిన," అంది సాయవ్వ. "నేర్పింది తప్పు. ఎనుకకు తీస్కపోండ్రి."

వాళ్ళు గొణిగారు. వాదించారు. ఒకామె అలిగి వెళ్ళిపోయింది. సాయవ్వ గడప వదల్లేదు.

అందరూ వెళ్ళాక ఆమె లేచింది. చేతులు కడుక్కుంది. లోపలికి వచ్చింది. నీలవ్వ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పిల్లాడు గుడ్డలో ఉన్నాడు. నీలవ్వ వాణ్ణి ఇంకా ఎత్తుకోలేదు. చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంటోంది. వీడూ పోతాడేమోనని భయం.

సాయవ్వ పిల్లాణ్ణి రెండు చేతులతో ఎత్తింది. తల్లి ఒళ్ళో పెట్టింది. రొమ్ముకి ఆనించింది. వాడి చెవి దగ్గర వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, కానీ నీలవ్వకి వినపడేలా అంది.

"తాగు బిడ్డా. ఈసారి నీ నాయనమ్మ అడ్డం రాదు."

వాడు గబుక్కున పట్టాడు. నీలవ్వ గట్టిగా కళ్ళు మూసుకుంది. తర్వాత మెల్లగా తెరిచి, వాడి ముఖం చూసింది.

అదీ చిట్టీ కథ. ఊ కొట్టడం మానేశావు. నిద్రొచ్చిందా? సరే, చివరి పాట విని పడుకో.

కథ కంచి తోవ పట్టె,
మంద ఇంటి తోవ పట్టె,
పాలు తాగి పొట్ట నిండె,
చిట్టి కంట నిదర పండె.